ఇంకా మోపని అడుగు

జూలైలో కుషిరో రేవుకి పొగమంచు దిగితే
పక్కనున్న పడవ కూడా దగ్గు వినిపిస్తేనే ఉన్నట్టు.
చేపల షెడ్డులో పని ముగించి
చేతుల నీచు నిమ్మతొక్కతో రుద్దుకుని
మంగళవారం, శుక్రవారం
ఐసు ఫ్యాక్టరీ మేడమీది జూడో గదికి వెళ్తాను.
నలభై మూడేళ్లకి తెల్ల నడికట్టు.
పిల్లలు నవ్వరు.
నవ్వినా బాగుండు.

"తన్నకు. ఊడ్చు," అన్నారు హిరొనాకా మాస్టారు.
నేను తన్నాను.
ఇబుకి చీలమండ మీద నేరేడుపండంత మచ్చ.
పదిహేనేళ్ల పిల్ల,
"పర్లేదు తొకివా గారూ" అంది
పంటిబిగువున.

అక్టోబరులో ఒక కమలాపండు తెచ్చి
చాప మీద పెట్టారు.
చిటికెనవేలి అంచు చాపని రాసుకుంటూ పోవాలి,
అరికాలు లోపలికి తిరగాలి,
నీళ్లకి దోసిలి పట్టినట్టు.
పండుని గోడదాకా తీసుకుపోవాలి, కొట్టకూడదు.
నలిగిన పండు నలిపినవాళ్లే తినాలి, అది రూలు.
ఆ నెలంతా
నేను కమలాపళ్లే భోంచేశాను.

కాలొక్కటే అయితే ఎప్పుడో వచ్చేది.
చేతులున్నాయి,
ఆమె మోచేతి దగ్గర బట్టని కిందికి లాగే చెయ్యి,
మెడపట్టీని పైకెత్తే చెయ్యి,
రెండూ కలిసి లారీ స్టీరింగు తిప్పినట్టు తిరగాలి.
వాటికంటే ముందు ఆ క్షణం ఉంది.
ఆమె కుడికాలు ముందుకొస్తుంది,
బరువు వెనకకాలిని వదిలింది,
ముందుకాలికి ఇంకా అందలేదు.
అప్పుడు.
ఒక్క వెంట్రుకవాసి ముందైతే గాలిని ఊడుస్తాను.
ఆలస్యమైతే స్తంభాన్ని.
గడప దాటేవాణ్ణి
సరిగ్గా గడప మీద ఎలా పట్టుకోవడం?
అడిగితే మాస్టారు ముక్కు చీదుకున్నారు.

జనవరిలో ఒక తెల్లవారుజామున
షెడ్డు బయట ఒలికిన నీళ్లు గాజులా గడ్డకట్టి ఉన్నాయి.
కాడ్ చేపల డబ్బా మోసుకొస్తూ
అడుగు వేశాను, వేయలేదు,
వెల్లకిలా ఉన్నాను.
చేపలు నాకంటే ముందే జారిపోయి
మేస్త్రీ బూట్ల దగ్గర ఆగాయి.
నొప్పి రాకముందు ఒక ఖాళీ ఉంది.
అందులో నా ఒళ్లు నాది కాదు,
నేలదీ కాదు.
ఓహో, ఇక్కడా, అనుకున్నాను
చేపల మధ్య పడుకుని.

ఆ శుక్రవారం
నా కాలు ఏం చేసిందో నాకు తెలీదు.
తలుపు దానంతటదే తెరుచుకున్నట్టు
ఇబుకి పక్కకి ఒరిగి
అరచేత్తో చాపని చరిచి
పైకప్పుకేసి చూస్తూ "అరె" అంది.
తర్వాత పకపకా నవ్వింది.
"మళ్ళీ," అన్నారు మాస్టారు.
మళ్ళీ రాలేదు.
ఇరవై మూడుసార్లు రాలేదు, ఇబుకి లెక్కపెట్టింది.

కాళ్లకి రానిది కళ్లకి అంటుకుంది.
బస్టాపులో, కూరగాయల కొట్టులో,
మనుషుల ముఖాలు మానేసి పాదాలు చూస్తున్నాను.
చంటిదాన్ని ఎత్తుకున్న తల్లి,
ఫోనులో అరుస్తున్న మేస్త్రీ,
అందరూ అడుగడుక్కీ కాస్తంత పడుతున్నారు,
పడి అందుకుంటున్నారు,
దాన్నే నడక అనుకుంటున్నారు.

రాత్రి దీపాలార్పి
మాస్టారూ నేనూ ఇనప మెట్లు దిగుతున్నాం.
ఆయనకి డెబ్బై తొమ్మిది.
ఎడమ మోకాలు వంగదు.
కుడి పాదం కింది మెట్టుకేసి దిగుతోంది,
ఇంకా చేరలేదు,
నా అరికాలు బూటులో దానంతటదే లోపలికి తిరిగింది.
చెమట పట్టింది నాకు, ఆ చలిలో.
గ్లవ్సు పడిపోయిందని చెప్పి
గబగబా ఆయన్ని దాటుకుని
రెండు మెట్లు కిందికి పోయి
వెనక్కి నడుస్తూ దిగాను.

ఆయన కాసేపు చూసి,
"బరువంతా మడమల మీద పెట్టావు,
పడతావు" అన్నారు.